ఊడిన పన్ను, విరిగిన పన్ను: డెంటిస్టు దగ్గరికి చేరేలోపు ఏం చేయాలి

మా పెద్దమ్మ మనవడికి తొమ్మిదేళ్ళప్పుడు సైకిల్ మీంచి బోర్లా పడి పై ముందు పన్ను ఊడొచ్చింది. వాళ్ళ నాన్న చాలామంది కంటే నయమే. కంగారు పడకుండా పన్ను వెతికి పట్టుకున్నాడు. కుళాయి కింద పెట్టి మట్టంతా పోయేదాకా గోటితో గీకి, తళతళలాడేలా కడిగాడు. టిష్యూ పేపర్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. ముందు పిల్లాడి మోకాలికి కట్టు కట్టించి, ఆ తర్వాత డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. అప్పటికి గంటన్నర దాటింది. ఆ డాక్టరు టిష్యూ విప్పి చూసి, "ఇంత శుభ్రం చేయకపోయి ఉంటే బాగుండేదండీ" అన్నారట.

ఆయన చేసిన పొరపాటే దాదాపు అందరూ చేస్తారు. మట్టి అంటిన వస్తువును కడగాలనీ, విలువైనదాన్ని జాగ్రత్తగా చుట్టి పెట్టాలనీ మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పంటి విషయంలో ఆ రెండూ దెబ్బ తీస్తాయి.

అసలు బతికుండేది ఏది?

పన్ను దవడ ఎముకలో మేకులా దిగి ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన మెత్తటి పొర ఒకటి ఉంటుంది. సన్నటి పోగులతో పన్నును ఎముకకు కట్టి ఉంచేది అదే. దెబ్బకు పన్ను ఊడినప్పుడు ఈ పొర చిరిగి, కొంత గుంటలోనూ కొంత వేరు మీదా ఉండిపోతుంది. వేరు మీద మిగిలిన ఆ కణాలు బతికుండగానే పన్నును తిరిగి గుంటలో పెడితే, రెండు ముక్కలూ కలిసి అతుక్కుంటాయి.

ఆ కణాలు చచ్చిపోయాక పెడితే కథ మారిపోతుంది. ఎముక నేరుగా వేరుకే అంటుకుపోతుంది. శరీరం ఆ వేరును కూడా ఎముక కిందే లెక్కగట్టి, కొద్దికొద్దిగా కరిగించి ఆ చోట ఎముకను నింపుకుంటూ పోతుంది. కొన్నేళ్ళకు పైన పన్ను కనబడుతుంది గానీ కింద పట్టు ఉండదు.

కాబట్టి మనం కాపాడాల్సింది కనబడే తెల్లటి భాగాన్ని కాదు, కంటికి సరిగ్గా ఆనని ఆ పొరను. దానికి ముఖ్య శత్రువు గాలి. ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఆఫ్ డెంటల్ ట్రామటాలజీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సుమారు 15 నిమిషాల్లోపు తిరిగి పెట్టిన పంటికి ఆ కణాలు బతికుండే అవకాశం బాగా ఉంటుంది. పాలలాంటి వాటిలో ఉంచి, పొడిగా ఉన్న సమయం మొత్తం గంట దాటకపోతే ఆశ ఉంది. గంటకు మించి పొడిగా ఉంటే కణాలు పోయినట్టే లెక్క.

ముందు మనిషిని చూడండి

పన్ను కోసం వెతికే ముందు ఒక్క అరనిమిషం ఆగండి. ముందు పన్ను ఊడేంత దెబ్బ తలకూ, దవడకూ తగిలే ఉంటుంది. స్పృహ తప్పినా, తప్పి మళ్ళీ వచ్చినా, వాంతులవుతున్నా, మాట తడబడుతున్నా, అడిగిందే మళ్ళీ అడుగుతున్నా, ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీరు కారుతున్నా వెళ్ళాల్సింది ఆసుపత్రి ఎమర్జెన్సీకి. పంటి సంగతి తర్వాత.

నోరు తెరవలేకపోతున్నా, పై పళ్ళూ కింది పళ్ళూ ఎప్పటిలా కలవడం లేదన్నా, కింది పెదవి, గడ్డం మొద్దుబారినా దవడ ఎముక విరిగి ఉండొచ్చు. ఇదీ ఆసుపత్రి వ్యవహారమే.

ఇంకోటి, చాలామందికి తట్టనిది: పన్ను ఎక్కడా దొరకలేదంటే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ఉండొచ్చు. దెబ్బ తగిలాక ఆగకుండా దగ్గు, పిల్లికూతలు, ఊపిరాడనట్టు ఉండటం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. ఆ లక్షణాలేవీ లేకపోయినా, పన్ను దొరకలేదని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఎక్స్‌రే తీసి చూస్తారు.

ఇవేవీ లేవని తేలాక మనిషిని కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచమనండి. వెనక్కి వాలిస్తే రక్తం గొంతులోకి పోతుంది.

పాల పన్నా, శాశ్వత దంతమా?

ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా పన్నును గుంటలోకి నెట్టొద్దు. పాల పన్నును తిరిగి పెట్టకూడదు. దాని వేరు కిందే రాబోయే శాశ్వత దంతం తయారవుతూ ఉంటుంది, ఊడినదాన్ని నెడితే దానికి దెబ్బ తగులుతుంది.

పిల్లలకు కింది ముందు పళ్ళు ఆరేడేళ్ళకీ, పై ముందు పళ్ళు ఏడెనిమిదేళ్ళకీ మారతాయి. ఆరేళ్ళు నిండని పిల్లలకు పై ముందు పన్ను ఊడితే అది దాదాపుగా పాల పన్నే. ఆరు నుంచి ఎనిమిది మధ్యలోనే తికమక. అప్పుడు పక్క పన్నుతో పోల్చి చూడండి. పాల పన్ను చిన్నగా, పాల తెలుపులో ఉంటుంది. కొత్తగా వచ్చిన శాశ్వత దంతం వెడల్పుగా, కొంచెం పసుపు ఛాయలో ఉండి, అంచు రంపపు పళ్ళలా గతుకుగతుకుగా ఉంటుంది. వేరు ఉందా లేదా అని మాత్రం చూడకండి. దానంతట అది ఊడే పాల పన్నుకు వేరు అరిగిపోయి ఉంటుంది గానీ, దెబ్బకు ఊడిన పాల పన్నుకు వేరు చక్కగా ఉంటుంది.

ఎంతకీ తేలకపోతే గుంటలో పెట్టకండి, పాలలో వేసి పట్టుకెళ్ళండి. ఫోన్లో ఫొటో తీసి డెంటిస్టుకు పంపగలిగితే ఆయన చూసి చెప్పేస్తారు.

శాశ్వత దంతాన్ని తిరిగి గుంటలో పెట్టడం

చదువుతుంటేనే ఒళ్ళు జలదరిస్తుందని తెలుసు. కానీ దీనికి సాటి వచ్చే ప్రథమ చికిత్స ఇంకోటి లేదు. దెబ్బ తగిలిన కొద్ది నిమిషాల దాకా ఆ చోటు మొద్దుబారినట్టు ఉండి, అనుకున్నంత నొప్పి ఉండదు. ఆలస్యమయ్యే కొద్దీ గుంటలో రక్తం గడ్డకట్టి, చుట్టూ వాచి, పని కష్టమవుతుంది.

పన్నును తెల్లటి భాగం దగ్గరే పట్టుకోండి. వేరు మీద వేలు పడకూడదు. బొటనవేలు, చూపుడువేలు సరిపోతాయి. ఒక్కసారి వెలుతురులో చూడండి: వేరు, ఆ తెల్లటి భాగం కంటే పసుపుగా, పొడుగ్గా, చివర మొనదేలి ఉంటుంది. దాని మీద అక్కడక్కడా గులాబీ రంగులో పీచులాంటిది అంటి ఉండొచ్చు. అది చెత్త కాదు, ఇంతసేపూ చెప్పుకుంటున్న పొర అదే. దాన్ని తీసేయడానికి ప్రయత్నించకండి.

పన్ను శుభ్రంగానే ఉంటే కడగనే అక్కర్లేదు. మట్టి అంటి ఉంటే పాలలో గానీ, సలైన్‌లో గానీ, ఆ మనిషి ఉమ్మిలో గానీ మెల్లగా ఆడించి తీయండి. ఏవీ అందుబాటులో లేకపోతే చల్లటి మంచినీళ్ళు సన్నటి ధారగా కొన్ని సెకన్లు పోయండి, అంతే. రుద్దడం, గీకడం, బ్రష్షు, సబ్బు, స్పిరిట్, డెట్టాల్, ఇవేవీ వద్దు. కాస్త మట్టి మిగిలినా డాక్టరు చూసుకుంటారు. చచ్చిన కణాలను ఆయన కూడా బతికించలేరు.

ఇప్పుడు ఏ వైపు ముందుకు రావాలో చూసుకోండి. ముందు పంటికి పెదవి వైపు నున్నగా, కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. నాలుక వైపు లోపలికి పల్లంగా, స్పూను గుంటలా ఉంటుంది. పక్క పన్నును చూస్తే ఇంకా తేలిక. నోట్లో రక్తం నిండి ఉంటే ఒక్కసారి నీళ్ళతో మెల్లగా పుక్కిలించి ఉమ్మేయమనండి.

వేరును గుంట మొదట్లో ఆనించి, గట్టిగా కాకుండా ఒకే తీరుగా నెట్టండి. జారుకుంటూ లోపలికి వెళ్ళి ఒకచోట ఆగుతుంది. పక్క పళ్ళ అంచుతో సమంగా వచ్చిందా అని చూడండి. మధ్యలో గట్టిగా అడ్డం తగిలితే బలవంతం చేయొద్దు. గుంట గోడ విరిగి ఉండొచ్చు. అప్పుడు పాలలో వేసుకుని బయలుదేరండి. సరిగ్గా కూర్చుంటే శుభ్రమైన కర్చీఫ్ మడిచి పళ్ళ మధ్య పెట్టి, మెల్లగా కరిచిపట్టుకోమనండి. డెంటిస్టు కుర్చీలో కూర్చునేదాకా అలాగే ఉండాలి.

పన్ను తిప్పి పెట్టేశామేమో అని టెన్షన్ పడేవాళ్ళున్నారు. పెట్టినా ఫర్వాలేదు, డాక్టరు తీసి సరిగ్గా పెడతారు. బయట ఎండిపోవడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

ఎవరికి పెట్టకూడదంటే: స్పృహలో లేనివాళ్ళకు, ఫిట్స్ వస్తున్నవాళ్ళకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళకు, గుండె కవాటాల జబ్బు లాంటి తీవ్రమైన గుండె సమస్య ఉన్నవాళ్ళకు. పిల్లలు భయంతో బిగుసుకుపోతుంటే వాళ్ళతో కుస్తీ పట్టొద్దు.

పెట్టలేకపోతే దేనిలో ఉంచాలి?

పాలు. అన్నిటికంటే సులువుగా దొరికేదీ, బాగా పనిచేసేదీ అదే. పాల గాఢత, ఆమ్ల గుణం మన ఒంట్లోని ద్రవాలకు దగ్గరగా ఉంటాయి, అందుకే కణాలు అందులో కొన్ని గంటలపాటు నిలుస్తాయి. పన్ను మునిగేంత చల్లటి పాలు చాలు. కాచి చల్లార్చినవైనా ఫర్వాలేదు, వేడి మాత్రం ఉండకూడదు. పెరుగు, మజ్జిగ పులుపు కాబట్టి పనికిరావు. చక్కెర, ఫ్లేవర్లు కలిపిన పాలు కూడా వద్దు.

పాలు లేకపోతే ఆ మనిషినే ఒక చిన్న గ్లాసులో ఉమ్మమని అందులో పన్ను వేయండి. లేదా ఆహారం మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్, అదే క్లింగ్ ఫిల్మ్, అందులో కాస్త ఉమ్మితో పాటు పన్నును గాలి చొరకుండా చుట్టేయండి. ఈ పద్ధతి వినడానికి చిల్లరగా ఉంటుంది గానీ పనిచేస్తుంది, ఎందుకంటే మనకు కావాల్సింది ఆరిపోకుండా ఉండటమే. సలైన్ కూడా కాసేపటికి ఫర్వాలేదు. పెద్దవాళ్ళయితే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకుని వెళ్ళొచ్చంటారు గానీ, కంగారులో మింగేసే ప్రమాదం ఉంది. పిల్లల విషయంలో ఆ ఆలోచనే చేయొద్దు.

మంచినీళ్ళలో వేయొచ్చా అని అందరూ అడుగుతారు. నీళ్ళలో ఉప్పు శాతం చాలా తక్కువ కాబట్టి కణాలు నీళ్ళు పీల్చి ఉబ్బి పగిలిపోతాయి. ఏదీ లేనప్పుడు, పొడిగా ఉంచడం కంటే నీళ్ళు మేలు, అంతవరకే. టిష్యూ, దూది, పొడి కర్చీఫ్, చొక్కా జేబు అన్నిటికన్నా చెడ్డవి. అవి ఉన్న తడిని కూడా పీల్చేస్తాయి.

గంటలు గడిచిపోయినా పన్నును పారేయకండి. అతుక్కోదని తెలిసి కూడా డాక్టర్లు ఒక్కోసారి తిరిగి పెడతారు. ఎదిగే పిల్లల్లో ఆ చోట ఎముక కుంచించుకుపోకుండా అది కొన్నేళ్ళు నిలబెడుతుంది.

పన్ను ఊడలేదు, విరిగింది

ఊడటం కంటే విరగడమే ఎక్కువగా జరుగుతుంది. ఇక్కడ నిమిషాల లెక్క అంత కఠినం కాదు గానీ, నిర్లక్ష్యం పనికిరాదు.

విరిగిన చోటు రంగు చూస్తే సగం విషయం తెలుస్తుంది. అంచు కొంచెం తెల్లగా చిట్లి, గరుగ్గా మాత్రమే ఉంటే పోయింది పైన ఉండే ఎనామెల్ ఒక్కటే. నాలుకకు గుచ్చుకోవడం తప్ప బాధ ఉండదు, రేపో ఎల్లుండో చూపించుకోవచ్చు. లోపల పసుపు రంగు కనబడుతూ, చల్లటి గాలి పీల్చినా జివ్వుమంటుంటే ఎనామెల్ కింది పొర, అంటే డెంటిన్ దాకా వెళ్ళింది. ఒకటి రెండు రోజుల్లో మూయించాలి. ఆ పసుపు మధ్యలో ఎర్రటి చుక్క కనిపిస్తే, అందులోంచి రక్తం ఊరుతుంటే అది పల్ప్, మనం పంటి నరం అంటామే అదే బయటపడింది. ఆ రోజే వెళ్ళాలి. పిల్లల్లో త్వరగా వెళ్తే నరాన్ని బతికించే వైద్యం చేయగలుగుతారు, వేరు పూర్తిగా పెరిగేందుకు అది అవసరం. బయటపడిన నరం మీద లవంగ నూనె పోయడం, మాత్ర నూరి పెట్టడం వద్దు.

విరిగిన ముక్కను వెతకండి. అది సరిగ్గా అమరితే డాక్టరు తిరిగి అతికించగలరు. దీన్ని నీళ్ళలో వేసినా ఫర్వాలేదు. వేరు మీది కణాల గొడవ ఇక్కడ లేదు, ముక్క ఎండి రంగు మారకుండా ఉంటే చాలు.

ముక్క దొరకలేదు, పెదవేమో చీలింది అనుకోండి. ఆ ముక్క పెదవిలోనే ఉండిపోయి ఉండొచ్చు. పెదవిని రెండు వేళ్ళ మధ్య పట్టి మెల్లగా తడిమితే గట్టిగా రాయిలా తగలొచ్చు. తగలకపోయినా, కుట్లు వేయకముందే పెదవికి ఎక్స్‌రే తీయమని అడగండి. ముక్క లోపలుండగానే పైన కుట్టేస్తే తర్వాత చీము పడుతుంది.

కదిలిపోయింది, పక్కకు జరిగింది, లోపలికి దిగింది

పన్ను కిందికి జారి పొడుగ్గా కనబడుతున్నా, ముందుకో వెనక్కో వంగినా అదే రోజు చూపించాలి. పొడుగ్గా జారిన శాశ్వత దంతాన్ని వేలితో మెల్లగా వెనక్కి నెట్టి చూడొచ్చు, వెళ్ళకపోతే వదిలేయండి. పన్ను చిగుళ్ళలోకి దిగిపోయి పొట్టిగా కనబడుతుంటే బయటికి లాగొద్దు, దాన్ని అసలు ముట్టుకోవద్దు. పాల పన్ను పక్కకు జరిగినప్పుడు కూడా మీరు సర్దబోకండి.

ఏమీ కదల్లేదు, తాకితే నొప్పి మాత్రం ఉంది అన్నా ఒకసారి చూపించడమే మంచిది. వేరు లోపల విరిగినా బయటికి తెలియకపోవచ్చు.

రక్తం, నొప్పి

శుభ్రమైన గుడ్డనో గాజ్ గుడ్డనో తడిపి మడిచి, రక్తం వచ్చే చోట పెట్టి పది పదిహేను నిమిషాలు కదపకుండా నొక్కి పట్టుకోండి. మధ్యమధ్యలో తీసి చూస్తుంటే రక్తం ఆగదు. ఉమ్మిలో కలిసిన రక్తం ఎంతో పోయినట్టు కనబడుతుంది, దానికి బెదరొద్దు. పెదవి బయట గుడ్డలో చుట్టిన ఐసు పెడితే వాపు తగ్గుతుంది.

నొప్పికి వయసుకు తగ్గ మోతాదులో పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్ వద్దు, అది రక్తం గడ్డకట్టనివ్వదు, పిల్లలకైతే అసలే ఇవ్వకూడదు. మాత్రను చిగురు మీద పెడితే అక్కడ కాలినట్టు పుండు పడుతుంది.

డెంటిస్టుకు ఏం చెప్పాలి, ఆయన ఏం చేస్తారు

దారిలో ఉండగానే ఫోన్ చేసి "శాశ్వత దంతం ఊడింది, వస్తున్నాం" అనండి. ఎన్ని గంటలకు ఊడింది, ఎంతసేపు పొడిగా ఉంది, దేనిలో ఉంచారు, ఎక్కడ పడింది: ఈ నాలుగూ ఆయన అడిగేవే. మట్టిలో పడి ఉంటే టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో గుర్తు చేసుకోండి.

పన్ను సరిగ్గా కూర్చుందని ఎక్స్‌రేలో చూసుకున్నాక, పక్క పళ్ళతో కలిపి సన్నటి తీగతో స్ప్లింట్ కడతారు, మామూలుగా రెండు వారాలు. అది పన్నును బిగుతుగా పట్టదు, కొంచెం ఆడనిస్తుంది. ఆ కదలిక వల్లే పొర సరిగ్గా మానుతుంది. వేరు పూర్తిగా పెరిగిన పంటికి రెండు వారాల్లోపు రూట్ కెనాల్ మొదలుపెడతారు. వేరు చివర ఇంకా మూసుకోని చిన్నపిల్లల పంటికి నరం మళ్ళీ బతికే అవకాశం ఉంది కాబట్టి ఆగి చూస్తారు.

ఆ రెండు వారాలూ మెత్తటి తిండే. ఆ పళ్ళతో కొరకొద్దు. భయపడి బ్రష్ చేయడం మానేస్తే మాత్రం చిగుళ్ళు పాడవుతాయి. తిన్న ప్రతిసారీ మెత్తటి బ్రష్షుతో తోమి, డాక్టరు రాసిన క్లోర్‌హెక్సిడిన్ ద్రవంతో రోజుకు రెండుసార్లు పుక్కిలించాలి. ఒకరినొకరు గుద్దుకునే ఆటలకు దూరం. మళ్ళీ ఆడటం మొదలుపెట్టాక మౌత్‌గార్డ్ పెట్టించండి. పంటి అచ్చు తీసి చేసినదైతే నోట్లో సరిగ్గా నిలుస్తుంది.

స్ప్లింట్ తీసేశాక చాలామంది డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేస్తారు. దెబ్బ తిన్న పన్ను నెలల తర్వాత కూడా లోపల చచ్చిపోవచ్చు, వేరు కరగడం మొదలుకావొచ్చు, అదీ నొప్పి లేకుండానే. మొదటి ఏడాదిలో కొన్నిసార్లు, ఆ తర్వాత ఏటా ఒకసారి, కనీసం అయిదేళ్ళు ఎక్స్‌రేతో చూపించుకోవాలి. ఈలోగా పన్ను బూడిద రంగులోకి తిరిగినా, చిగురు మీద చిన్న చీము పొక్కు లేచినా, పిల్లల్లో పక్క పళ్ళు పెరుగుతూ ఆ ఒక్కటే పొట్టిగా ఉండిపోయినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెళ్ళండి.